నలభై ఒకటో పేరు

మార్చి 12, 2026. లూకాంగ్.

మరిది చింగ్-హువాంగ్ పోయాక కె వంశం పట్టిక నా మీద పడింది. కాగితం పుస్తకాన్ని చెదలు తినేశాయి. ఉన్నదంతా ఆయన పాత కంప్యూటర్‌లోనే. తెరిస్తే బొమ్మలు లేవు, మౌస్ పనిచేయదు. నల్లటి తెర, మిణుకుమనే గీత. జనన మరణాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పయ్యారేళ్లు పనిచేశాను. ఏ కాగితం ముందూ తడబడలేదు.

ఏప్రిల్ 5 సమాధుల పండుగ. పెద్దల గదిలో పోయినవాళ్ల పేర్లు చదివి, పేరుకొక గిన్నె సారా పోయాలి. చదవని పేరు ఆకలితో తిరుగుతుందని మావాళ్ల నమ్మకం. నాదీ అదే.

మార్చి 14

కమ్యూనిటీ కాలేజీలో క్లాసు. టీచర్ యా-టింగ్‌కు ముప్పై దాటి ఉండవు. ఎల్‌ఎస్ అంటే ఏమున్నాయో చూపు. సీపీ అంటే నకలు తియ్యి. ఆర్‌ఎమ్ అంటే తీసెయ్. పేరంతా కొట్టక్కర్లేదు, మొదటి ముక్క కొట్టి నక్షత్రం గుర్తు పెడితే మిగతాది అదే చూసుకుంటుందట. పళ్ల పేర్లతో చేయించింది. నాకు తప్పు రాలేదు.

మార్చి 19

ఎల్‌ఎస్ కొట్టాను. చింగ్ తరం, అంటే మా ఆయన తరంలో పోయినవాళ్లు, మరిదితో కలిపి: నలభై ఒకటి. మనిషికొక ఫైలు. మా ఆయనదీ ఉంది. సంఖ్య రాసుకున్నాను. పేర్లు యంత్రంలో ఉన్నాయి కదా అని రాసుకోలేదు.

మార్చి 21, ఉదయం 10

దాయాది చింగ్-లుంగ్ ఫైలుకు పొరపాటున రెండో నకలు తీశాను. దాన్ని తీసేద్దామనుకున్నాను. వేళ్ల నొప్పి. ఆర్‌ఎమ్, కె, చింగ్, నక్షత్రం.

గీత మళ్లీ మిణుకుమంది. ఏమీ అడగలేదు.

10.20

అందరూ పోయారు. మా వంశంలో ఒక తరం పిల్లలందరికీ పేరులో మొదటి ముక్క ఒకటే. నేనేం చేశానో ఎల్‌ఎస్ కొట్టేదాకా తెలియలేదు. మా ఆయన్ను నా చేత్తోనే రెండోసారి పంపేశాను.

మార్చి 22

యా-టింగ్‌కు ఫోన్ చేశాను. అయ్యో మామ్మగారూ, అక్కడ చెత్తబుట్ట ఉండదండీ, అది మీకన్నా స్ట్రిక్టు, ఒకసారి చెబితే చేసేస్తుంది అంది. నవ్వించాలని చూసింది. నకలు ఎక్కడైనా ఉందా అని అడిగింది. లేదు. రిపేరు షాపతను డిస్కు చూసి తల అడ్డంగా ఊపాడు.

మార్చి 29

ఏడు రోజులుగా ఇంటింటికీ ఫోన్లు. విధవలకు, కొడుకులకు, మనవరాళ్లకు. ముప్పై తొమ్మిది. సాయంత్రానికి నలభై. అక్కడ ఆగిపోయింది.

కోడలు షు-ఫెన్ అంటుంది, అత్తయ్యా, నలభై గిన్నెలు పోసేయండి, పెద్దలు వేళ్లు మడిచి లెక్క చూసుకుంటారా అని. చూసుకుంటారు అన్నాను.

ఏప్రిల్ 2

ఆ తరంలో మిగిలింది చింగ్-చి బావగారు ఒక్కరే. తొంభై రెండేళ్లు. వెళ్లి అడిగాను. నలభై మందే అన్నారు. ఇల్లు తగలబెట్టి ఇప్పుడు బూడిద తూస్తున్నావా అమ్మాయ్, ఆ డబ్బా లెక్క తప్పింది, పో, నా టీ చల్లారుతోంది అన్నారు.

ఆ నలభై మంది ఎవరెవరని ఆయన ఒక్కసారైనా అడగలేదు.

ఏప్రిల్ 4

భయంగా ఉంది.

ఏప్రిల్ 5, ఉదయం 11

నలభై పేర్లూ చదివాను. పట్టిక నిండిందా అని అడిగి, పెద్దల జవాబు చెప్పే చంద్రవంక చెక్కలు విసిరాను. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అవును. రెండూ బోర్లా పడ్డాయి. మళ్లీ విసిరాను. మళ్లీ బోర్లా. మూడోసారి విసరకుండా చెక్కలు కింద పెట్టేశాను.

అప్పుడు చింగ్-చి బావగారు వెనక నుంచి నడిచి వచ్చి మోకాళ్లూనారు. మా అక్క అన్నారు. పెళ్లికాని ఆడపిల్లకు పెద్దల గదిలో చోటు లేదని మా నాన్న పేరు కొట్టేశాడు, పట్టికలో చేర్చమని చింగ్-హువాంగ్ గాణ్ణి నేనే బతిమాలాను, వాడు ఏటా గబగబా చదివేసేవాడు, మీరెవరూ వినలేదు, మొన్న నువ్వొచ్చి అడిగితే నాకు నోరు రాలేదమ్మా అన్నారు.

మధ్యాహ్నం

41. కె చింగ్-చు. పుట్టింది 1931. పోయింది 1942.

చెక్కలు ఒప్పుకున్నాయి. బావగారు ఇంకా లేవలేదు.