డోర్ నంబరు 3-17, పాత పాళెం

మే 4, ఆదివారం

మేం అమ్మిన ఉయ్యాల ఒకటి వెనక్కి వస్తోందట. ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. అందులో కొన్నావిడ రాసింది — ‘వస్తువు నిండా రంధ్రాలు ఉన్నాయి.’ మనవరాలు ఫోనులో చదివి వినిపించి, నవ్వొచ్చా అన్నట్టు నా మొహం చూసింది. వలదారంతో అల్లిన ఉయ్యాల. రంధ్రాలు తీసేస్తే మిగిలేది దారపు ఉండ.

అంకమ్మకు చెప్పాను. అల్లే చెయ్యి ఆపకుండానే — “పూడ్చి పంపమంటారా టీచరమ్మా? దేంతో పూడ్చాల, మైనంతోనా?”

సరుగుడు నీడలో నలుగురు ఆడవాళ్ళూ నవ్వి నవ్వి... ఒకామెకు ముడి తప్పింది. మళ్ళీ విప్పుకుంది.

మే 6, మంగళవారం

వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డెక్కి తాటాకులు కప్పుకుని పడుకున్నాయి. సముద్రం కూడా ఒత్తిగిలి పడుకున్నట్టే ఉంది. అలలు వస్తున్నాయిగానీ, ఏదో అలవాటు కొద్దీ.

మధ్యాహ్నం వసారాలో ఉయ్యాలెక్కాను. అన్నిటికంటే మొదటిది ఇదే. రెండేళ్ళ కిందట నా నడుము నొప్పి చూడలేక అంకమ్మ అల్లి తెచ్చింది. దీన్ని మనవరాలు మౌనిక ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టింది, అట్లా మొదలైంది. పింఛను తీసుకునే మనిషిని, పన్ను కాగితాలున్నది నాకొక్కదానికే, కాబట్టి ఖాతా నా పేరున, నా కాగితాల్లోని చిరునామాతో. పార్సిళ్ళు మౌనిక నెల్లూరులో ఇచ్చి పంపుతుంది. ఎండ ముదిరేకొద్దీ గిరాకీ. ఎక్కడెక్కడి వాళ్ళో మా దారంలో నిద్రపోతున్నారు.

కన్ను మూతపడింది. పాత ఇంట్లో ఉన్నాను. గోడలన్నీ వల. చేపలు ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళుతున్నాయి, పెద్దమనిషి పడుకుని ఉందే అని కూడా లేకుండా.

మే 9, శుక్రవారం

ఆ ఉయ్యాల మా దాకా రాలేదు.

తెచ్చినతను నెల్లూరు నుంచి బండి మీద వచ్చాడట. మేం ఇప్పుడుంటున్న కాలనీ అంతా తిరిగాడట. నాకు ఫోన్ కూడా చేశాడు. కొడవలూరు పెళ్ళిలో మేళం మధ్య కూర్చుని ఉన్నాను, వినపడలేదు. చివరికి అంకమ్మ మొగుణ్ణి పట్టుకున్నాడు — పాత పాళెం, మూడు బై పదిహేడు ఎక్కడ? పోలయ్య సముద్రం వైపు వేలు చూపించాడు.

“ఎగతాళా?”

“ఎగతాళెందుకన్నా. నీళ్ళల్లో బావి కనపడతా ఉండాదే, దానికి ఉత్తరం పక్క.”

పోలయ్య అబద్ధమాడలేదు. ఇల్లు అక్కడే. పైన నీళ్ళున్నాయి, అంతే. అతను మాత్రం ‘ఇలాంటి చిరునామా లేదు’ అని రాసుకుని వెళ్ళిపోయాడు.

ముప్పై రెండేళ్ళు పిల్లలకు పటాలు గీయించాను. ఇప్పుడు నేనే పటంలో లేను.

మే 12, సోమవారం

వచ్చింది. కంపెనీ నుంచి సందేశం — ‘మీ చిరునామా ధ్రువీకరణ కాలేదు. మీ ఖాతాపై పరిమితులు విధించాం. చెల్లింపులు తాత్కాలికంగా నిలిపివేశాం.’

తాత్కాలికంగా. సముద్రం కూడా మొదట తాత్కాలికంగానే వచ్చింది. వాకిట్లోకి వచ్చి, ముగ్గు తుడిచి, వెళ్ళిపోయింది.

మే 14, బుధవారం

ప్రియ అనే అమ్మాయితో ఫోనులో రాతలు. ఎంత మర్యాద! అడ్రసు మారుస్తానమ్మా, కాలనీది పెడతాను అన్నాను. పరిమితులు ఉండగా చిరునామా మార్చడం కుదరదంది. మరి పరిమితులు ఎప్పుడు పోతాయి? చిరునామా ధ్రువీకరణ కాగానే అంది. మీ సమస్య తీరిందా అని అడిగింది. లేదన్నాను. ధన్యవాదాలు చెప్పింది.

మనిషి కాదట. సాయంత్రం మౌనిక చెప్పింది. మనిషి కాకపోతే అంత మర్యాద ఎట్లా వచ్చిందే అంటే — “దాన్నిబట్టే కనిపెట్టాల అవ్వా.”

మే 17, శనివారం

పేజీకి అబద్ధం చెప్పి లాభం లేదు. తప్పు నాది.

కాలనీకి వచ్చిన రోజుల్లో కాగితాలు మార్చుకుందాం అన్నారు అందరూ. ఇక్కడి ఇళ్ళకు పట్టాల్లేవు, నంబర్లు లేవు, ఇవాళ్టికీ లేవు. నిషేధ భృతి జాబితా పాత నంబర్ల మీదే ఉంది. అప్పుడు రచ్చబండ దగ్గర లేచి నిలబడి చెప్పింది ఎవరు? నేనే. “ఇల్లంటే సముద్రం లాక్కుంది. నంబరు కూడా మన చేత్తో మనమే ఇచ్చేద్దామా?” అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇన్నాళ్ళూ దాచుకుని అప్పుడప్పుడూ తీసి చూసుకునేదాన్ని.

ఊరంతా కాలనీలో వండుకుని తింటోంది, కాగితాల్లో సముద్రంలో కాపురముంటోంది.

మే 21, బుధవారం

అంకమ్మ వచ్చింది. గడప మీద కూర్చుంది. తాటి ముంజలు తెచ్చింది. డబ్బు మాట ఎత్తలేదు.

“మస్తాన్ ఫోన్ చేసినాడు టీచరమ్మా. ఇంజను గురించి గాదంట. ఊరికే చేసినాడంట.”

“ఎన్నిసార్లు చేశాడు, ఊరికే?”

“మూడుసార్లు.”

వాళ్ళ పడవ ఇంజను నెల్లూరులో మస్తాన్ షెడ్డులో ఉంది. బాగుచేసి, తుడిచి, గోనెపట్టా కప్పి ఉంచాడు. ఉయ్యాలల డబ్బు నా ఖాతాలో పడితే అంకమ్మకు ఇవ్వాలి, ఆమె అతనికి ఇవ్వాలి, అతను ఇంజను ఇవ్వాలి. నిషేధం ఎత్తేసే రోజుకి. మొదటి రోజు సముద్రంలోకి దిగని పడవ ఆ యేడంతా వెనకే అని పోలయ్య పట్టు. నేను నమ్మను. ఆయన నమ్ముతాడు, పడవ ఆయనది.

ముంజలు లేతగా ఉన్నాయి. వలిచి ఆమెకే పెట్టాను.

మే 26, సోమవారం. అమావాస్య

మధ్యాహ్నం నీళ్ళు బాగా దిగాయి. ఒక్కదాన్నే వెళ్ళాను.

బావి ఇప్పుడు మూడు వరలు పైకి కనపడుతోంది, నీళ్ళ మధ్యలో. ఊరికంతటికీ తియ్యటి నీళ్ళిచ్చిన బావి. చుట్టూ ఉప్పు. దాన్నుంచి ఉత్తరంగా అడుగులు వేసుకుంటూ పోయాను, చీర మోకాళ్ళ దాకా ఎత్తి. ఎవరైనా చూస్తే ముసల్దానికి ఎండదెబ్బ తగిలిందనుకుంటారు. పదిహేడో అడుగున కాలికి రాయి తగిలింది. మెట్టు. ఒక పక్క అరిగిన మెట్టు — ఆ పక్కనే నేను కూర్చుని బియ్యం ఏరేదాన్ని.

నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఇసుక కాళ్ళ కింద జారిపోతోంది, మెట్టు మాత్రం కదల్లేదు. నా ఇంటి ముందు నేను... ఎవరైనా లోపల్నించి వచ్చి తలుపు తీస్తారేమో అన్నట్టు.

అల వస్తే అప్పుడు గుర్తొచ్చింది, అన్నం పొయ్యి మీద పెట్టి వచ్చానని.

మే 27

మాడిందే తిన్నా.

జూన్ 1, ఆదివారం

మౌనిక నెల్లూరు నుంచి స్కూటీ మీద వచ్చింది, మొహం వెలిగిపోతూ. ఖాతాలో కొత్త దారి తెరుచుకుందట. వీడియో కాల్. రోడ్డు మీది ఊరి బోర్డు నుంచి ఇంటి తలుపు దాకా ఆపకుండా చూపించాలి. తలుపు మీద నంబరు కనపడాలి. ఫోను ఎక్కడుందో వాళ్ళకు తెలుస్తుందట.

“ఈ ఇంటి తలుపు మీదే సుద్దతో 3-17 అని రాసేద్దాం అవ్వా.”

“రాయి. ఫోను ఎక్కడుందో తెలుస్తుందన్నావుగా. నంబరొకచోట, ఫోనొకచోట. ఇప్పుడు అడ్రసు లేదంటున్నారు, అప్పుడు దొంగ అంటారు.”

“అయితే ఏం చేద్దాం? సముద్రాన్ని చూపిస్తామా?”

దారం చుట్టుకుంటున్న అంకమ్మ తలెత్తింది. “తలుపే గదా కావాల్సింది? మీ తలుపు మా మేకల దొడ్లో ఉండాది.”

మర్చేపోయాను. చివరి తుఫానుకు ముందు గోడ వాలినప్పుడు, ‘కట్టెలకైనా వస్తుంది, నాకియ్యండి’ అని ద్వారబంధంతో సహా ఊడదీసుకుపోయింది. కట్టెలకు వాడలేదు. ఇన్నేళ్ళుగా మేకలకు మర్యాదగా గడియ వేస్తోంది.

జూన్ 5, గురువారం

తలుపు చూసొచ్చాను. మేకల కంపు, కింద ఎండుచేపల కంపు. అంకమ్మ చింతపండు పెట్టి తోమింది, దేవుడి సామాన్లు తోమినట్టు. నీలం రంగు బయటపడింది. 3-17. మా ఆయన రాసిందే, ఏడు కాస్త పక్కకు ఒరిగి. ఏడు సరిగ్గా రాయమని అప్పుడు పోట్లాడాను. బతికుంటే ఇప్పుడు చెప్పేదాన్ని, ఉండనివ్వండి, బాగానే ఉందని.

కాల్‌కు రోజు మనమే ఎంచుకోవచ్చట. పదకొండో తేదీ, మధ్యాహ్నం మూడు అన్నాను. ఇంకా ముందే ఖాళీలున్నాయి కదవ్వా అంది మౌనిక. పున్నమి అన్నాను. నీళ్ళు దిగాలి. ఇన్ని చదువులు చదివింది, చంద్రుడికీ మన ఇంటికీ సంబంధం తెలియదు.

ఇది మోసమా? రెండు రోజులుగా నన్ను నేనే అడుగుతున్నా. తలుపు నాదే. నంబరు నాదే. చోటు అదే. లేనివి గోడలు. గోడలు చూపించమని వాళ్ళెక్కడా రాయలేదు.

జూన్ 11, బుధవారం. పున్నమి

చెయ్యి ఇంకా ఉప్పగా ఉంది. రాస్తున్నా.

మూడింటికి మోగింది. కుర్ర గొంతు, నిద్రలేనిది. “నమస్తే మేడమ్, బోర్డు చూపించండి.” మౌనిక బోర్డు చూపించింది, రోడ్డు చూపించింది, సరుగుడు తోపులోంచి నడిచింది, నేను ముందు. ఆకుల చప్పుడు. ఇసుక. “ఇంకా ఎంత దూరం మేడమ్?” వచ్చేశాం బాబూ అన్నాను.

మోకాళ్ళ లోతులో, మెట్టు పక్కన, తలుపు నిలబడి ఉంది. ద్వారబంధానికి ఒక పక్క పోలయ్య, ఒక పక్క అంకమ్మా ఇంకొకామే, పటంలో పడకూడదని మొహాలు పక్కకు తిప్పుకుని. వెనక ఆకాశం. తలుపు సముద్రంలోంచి మొలిచినట్టుంది. ఒక్క నిమిషం నాకే అనుమానం వచ్చింది, మధ్యాహ్నం ఉయ్యాలలో పడుకుని లేవలేదేమోనని.

“నంబరు దగ్గరగా... ఓకే మేడమ్. త్రీ, సెవెంటీన్. ఓకే.” ఏదో టిక్కు కొట్టుకుంటున్న చప్పుడు. కాగితం చూసుకుంటున్నాడు, తెర చూడటం లేదు. “ఇప్పుడు లోపలికి వెళ్ళి చూపించండి.”

పోలయ్య నా వైపు చూశాడు. గడియ తీశాను. తుప్పు పట్టి ఉంది, అయినా నా చెయ్యి గుర్తుపట్టింది. కుడికాలు ముందు పెట్టి గడప దాటాను.

“మేడమ్... ఇది...”

“హాలు” అన్నాను.

“నీళ్ళున్నాయి మేడమ్.”

“చాలా ఏళ్ళుగా ఉంటున్నాయి. అద్దె ఇవ్వవు.”

“ఇంకో గది...” అలవాటుగా అడిగేశాడు పాపం.

“ముందుకెళితే వంటగది. రమ్మంటే వెళ్తా. మోకాలి నొప్పి, కాస్త మెల్లగా.”

టిక్కుల చప్పుడు ఆగింది. కట్ అయిందనుకున్నాం. అప్పుడు, మెల్లగా, టిక్కులు కొట్టే గొంతుతో కాకుండా — “వద్దు మేడమ్. వెనక చూసుకోండి. అల వస్తోంది.”

మేమెవరమూ చూడలేదు. ఎక్కడో కూర్చుని అతను చూశాడు. అంకమ్మ నా చెయ్యి పట్టి లాగింది. తలుపు రెక్క దానంతటదే మూసుకుంది. మౌనిక ఫోనులో ఆకాశం, ఆ తర్వాత ఏమీ లేదు.

ద్వారబంధాన్ని పట్టుకుని ఉన్న పోలయ్య అడిగాడు — “పాసయినామా టీచరమ్మా?”

జూన్ 12, గురువారం

ఏమీ రాలేదు.

జూన్ 14, శనివారం

రేపు పడవలు దిగుతాయి. ఒడ్డంతా రంగుల వాసన, పసుపు, కొబ్బరికాయలు. పోలయ్య పడవకు రంగు మాత్రం వేశాడు. ఇంజను చోట గుంట.

పొద్దున సందేశం. ‘వీడియో ధ్రువీకరణ అసంపూర్ణం. మా ప్రతినిధి వచ్చే వారం స్వయంగా మీ చిరునామాకు వస్తారు. ఆ సమయంలో దయచేసి ఇంట్లో ఉండండి.’ చెల్లింపులు అప్పటిదాకా ఎక్కడివక్కడే.

ఆ కుర్రాడు రాయించాడా, ప్రియ రాసిందా? మర్యాద చూస్తే ప్రియే. కానీ లేదని రాయలేదు ఈసారి. లేని చిరునామాకు మనిషిని పంపరు.

అంకమ్మకు చదివి వినిపించాను. తిడుతుందనుకున్నా. తిడితే బాగుండు. రేపు అందరి పడవలూ వెళుతుంటే ఒడ్డున నిలబడేది ఆమె. నేను దాచుకున్న ఆ చప్పట్లకు మూల్యంగా.

ఆలోచించి అంది — “మీ ఇంటి దాకా పోయేదానికి ఇంజనెందుకు, తెడ్డు చాలు. ఆ సారును మా పడవలో కూచోబెట్టుకుని పోతాం. ఈత వచ్చా లేదా కనుక్కోండి.”

కనుక్కునే గడి అందులో లేదు. బూట్లు బయట విప్పి రమ్మని చెప్పే గడీ లేదు. ఏ రోజు వస్తాడో లేదు. పున్నమి దాటిపోయింది, ఇక రోజురోజుకీ నీళ్ళు తక్కువ దిగుతాయి. సోమవారమైతే మెట్టు దొరుకుతుంది. శుక్రవారమైతే నడుము లోతు.

తలుపు మేకల దొడ్డికి తిరిగి పోలేదు. ఒడ్డున సరుగుడు చెట్టుకు ఆనించి ఉంది. గడియ వేయొద్దని చెప్పాను.