గోడ దూకిన ఓనరుకి

ఒరేయ్ క్లైవూ,

టిక్కెట్టు కొనకుండా గోడ దూకి మ్యాచ్‌లు చూసేవాడివి, ఇప్పుడు కిటికీలమ్మిన డబ్బుతో ఆ ఫుట్‌బాల్ క్లబ్బునే కొనేశావు. సంతోషం.

శనివారం గెలిస్తే పై లీగుకెళ్తామని, గ్రౌండు తాకట్టు పెట్టి మరీ ఆటగాళ్లని తెచ్చావట. పక్కూరి థోర్న్‌వెల్ క్లబ్బు ఓనరూ ఇలాగే ఎగిరాడు. పైకెళ్లాక జీతాలివ్వలేక చేతులెత్తేశాడు. వాళ్ల గోలుపోస్టులున్న చోట ఇప్పుడు సూపర్‌మార్కెట్‌వాడు చేపలమ్ముతున్నాడు.

మా ఆవిడ విన్నీ పోయాక తన బూడిద మన గోలు ముందే చల్లాం, గుర్తుందా? "ఆ సన్నాసి గోల్‌కీపరు కంటే నేనే నయంగా ఆపుతా" అనేది.

గెలువు, వద్దనను. గెలిచాక వచ్చే డబ్బుతో మాత్రం ఇంకో ఆటగాణ్ణి కొనకుండా, ముందు తాకట్టు విడిపించి గ్రౌండు ఊరి పేర రాసెయ్. విసుగొస్తే నువ్వు మళ్లీ గోడ దూకి పోతావు. విన్నీ ఎలా దూకుతుందిరా?

ఇట్లు,
గేటు దగ్గర నీ చెవి మెలేసిన ముసలాడు