అవ్వ కాలికి మిగిలిన కడియం

మంగళవారం రాత్రి, కాలువ పని గుడిసె

మా అవ్వ పాతిపెట్టిన కుండలోని వెండిని మేస్త్రి ఎత్తుకుపోయాడు. మమ్మల్ని భయపెట్టి మరీ ఎత్తుకుపోయాడు.

పొద్దున కాలువ తవ్వుతూ మా పాత ఇంటి దిబ్బకు చేరాం. నా గడ్డపార తగిలి కుండ పగిలింది, నిజాం కాలపు వెండి రూపాయలు బయటపడ్డాయి. మేస్త్రి ఉరికొచ్చాడు.

"ముట్టకుండ్రి! లంకెబిందెలు అవి. ముట్టినోడు నెత్తురు కక్కుకొని సస్తడు."

అందరం వెనక్కి జరిగాం. వాడు మాత్రం నెత్తురేమీ కక్కకుండా రుమాలులో మూట కట్టుకుని పోయాడు. రూపాయల మధ్య ఒంటి వెండి కడియం కనిపించింది.

గుడిసెకొచ్చి అవ్వకు చెప్పాను. ఆమె కాలు చాపి చూపించింది. దానికీ ఒంటి కడియమే.

"రజాకార్లు వస్తుండ్రంటె పాతిపెట్టిన బిడ్డా. ఒక్కటే ఊడింది, గిది రాలే. గంత సదువుతవు, నువ్వు గూడ లంకెబిందెలకు భయపడ్తివా?"

ఇల్లు తగలబడి ఆనవాలు పోయాక, ఇన్నేళ్లూ ఆ దిబ్బంతా గోకుతూనే ఉంది. పిచ్చిదన్నారు. నేనూ నమ్మలేదు.

అడిగితే మేస్త్రి నన్ను పని నుంచి తీసేస్తాడేమో. తీసేస్తే అవ్వకు పూటకింత జొన్న గటక ఎక్కడిది? పక్కవాళ్లు నాతో నిలబడతారా? పడుకుంటే కళ్లు మూతపడటం లేదు.

మేస్త్రీ, రేపు పొద్దున్నే అవ్వను దిబ్బ మీదికి తెస్తున్నాను. అందరి ముందు మూట విప్పు. రెండు కడియాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటి మట్టితట్ట నెత్తికెక్కేదాకే నీకు గడువు. విప్పకపోతే ఆ తట్ట నేను ఎత్తను, ఎవరినీ ఎత్తనివ్వను.