సరళ చార్జింగ్ పెట్టిన కారు

ఆదివారం, రాత్రి

గుండె ఆపరేషన్ కోసం నెలల తరబడి బెంగళూరు ఆస్పత్రిలో ఉండి నిన్ననే ఇంటికి వచ్చాను. పొద్దున కాఫీ తాగి, మెల్లగా రేకుల పందిరి కిందికి నడిచాను. వేరుశనగ వ్యాపారం బాగా సాగిన రోజుల్లో కొనుక్కున్న నా ఎర్ర స్పోర్ట్స్ కారు అక్కడే ఉంది. ఇన్ని నెలలు కదలలేదు కాబట్టి బ్యాటరీ చచ్చిపోయి ఉంటుందనుకుంటూనే బటన్ నొక్కాను. ఒక్కసారికే ఇంజన్ గర్జించింది.

ఆ శబ్దానికి నా భార్య సరళ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"బ్యాటరీకి చార్జింగ్ ఎవరు పెట్టినారు?" అన్నాను.

"నేనే. అంగడి చూసుకునేకి ఊరికి వచ్చినప్పుడల్లా పెట్టినా. కరెంటు పోతే, వచ్చేదాకా ఈడే కూచుంటాంటి."

"నీకు ఈ కారంటే పడదు కదా?"

"ఇప్పుడూ పడదు. మీరేమో ఆడ ఆస్పత్రిలో ఉండారు. ఈడ ఇది కూడా ఆగిపోతే నా మనసు తట్టుకోలేదప్పా."

పక్క తలుపు తీసి కూర్చోమన్నాను. కొన్నాక ఆమె ఆ సీట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి.

"ఎంత కిందికి ఉండాదిది!" అని నవ్వింది. "డాక్టరు సరే అన్నాక ఉరవకొండలో మా అక్క ఇంటికి దీంట్లోనే పోదాం" అంది.

"ఆ రోడ్డుకు కారు అడుగు తగులుతాది."

"తగలనీ" అంది సరళ.

డాక్టరు ఎప్పుడు నడపనిస్తాడో, అసలు నడపనిస్తాడో లేదో తెలియదు. అయినా ఇవాళ ఇంజన్ ఆపడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.