రేడియోలో పద్దెనిమిది మాత్రలు

చి. పెద్దమ్మాయికి నాన్న దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా మంచమూ, దాని కాళ్ల దగ్గర వేలాడే నా ఫైలూ. నువ్వూ క్షేమమేనని రోజుకు మూడుసార్లు వార్డుకి ఫోన్ చేసి అరవడాన్ని బట్టి తెలుస్తూనే ఉంది. ఫోన్‌లో నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు కనుక కాగితం పట్టుకున్నాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. నిద్ర పడుతోంది. ఆకలి లేదు. కాళ్ల వాపు తగ్గలేదు. పెద్ద డాక్టరు రోజూ వస్తాడు, కాకపోతే నన్ను చూడడు, ఫైలు చూస్తాడు. దాని మీద ఎర్ర సిరాతో 'డాక్టరు గారి తండ్రి' అని రాశారు. అప్పటినుంచి నాతో మాట్లాడే ధైర్యం ఎవరికీ లేదు. "నాకేమైంది బాబూ?" అంటే "మీ అమ్మాయిగారికి చెప్పాం కదండీ" అంటాడు. ఈ కొత్త మాత్ర దేనికయ్యా అంటే మళ్లీ అదే జవాబు. నా గుండె సగమే పనిచేస్తోందని చివరికి నేల తుడిచే ఆమె చెప్పింది. నీకది పది రోజుల ముందే తెలుసు. తగుదునమ్మా అని నా తరఫున అన్నిటికీ సరే అనేశావు. కోపం వచ్చిందమ్మా. ఇంకా తగ్గలేదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న, ఆ నర్సు మళ్లీ మందు ఎగ్గొట్టిందా అని. రక్తపరీక్షలో మందు జాడ లేదని తేలగానే ఆ పిల్ల మీద పైవాళ్లకి రాసిపారేశావు. ముప్పై మంచాలకి ఇద్దరు నర్సులు. మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడి చూడాలట. పక్క మంచం ఆయన వాంతి చేసుకుంటుంటే అటు పరిగెత్తేది. తిరిగొచ్చి "వేసుకున్నారా తాతగారూ?" అనేది. ఊఁ అనేవాణ్ణి. టిక్కు పెట్టేది.

ఇప్పుడు ఆమెని పనిలోంచి ఆపేశారు. సోమవారం విచారణ. నిన్న తన సామాను తీసుకెళ్లడానికి వచ్చి, నా దగ్గర నిలబడి, "ఇచ్చాననే గుర్తండీ. ఏమో, అలసటలో మర్చిపోయానేమో" అని ఏడ్చింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆమె మర్చిపోలేదు. నేనే మింగలేదు.

నలభై ఏళ్లు కరెంటు పని చేశాను. ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలియకుండా వేలు పెట్టలేదు. దేనికో చెప్పని మాత్రా అంతే. పద్దెనిమిదీ నువ్వు కొనిచ్చిన రేడియోలో, బ్యాటరీలు తీసేసిన గూట్లో ఉన్నాయి. అది ఎందుకు పాడడం లేదని ఎవరూ అడగలేదు. పంతం నాది, శిక్ష ఆమెది. నీ మీద కోపమే గానీ, నా మీద నాకు రోత పుడుతోంది.

ఇదంతా చదివి, నాన్నకి మతి చలించిందని వార్డుకి ఫోన్ చేస్తావని నాకు తెలుసు. అందుకే ఇక్కడిదాకా రాసి, ఒక నకలూ ఆ మాత్రలూ మేట్రన్ గారి చేతిలో పెట్టాను. ఆవిడ తిట్టాల్సినంతా తిట్టి, తర్వాత మంచం అంచున కూర్చుని ఆ మాత్ర దేనికో, మానేస్తే ఏమవుతుందో విడమరిచి చెప్పింది. రెండు నిమిషాలు పట్టింది. ఇవాళ్టిది ఆవిడ చూస్తుండగానే మింగాను.

సోమవారం నువ్వు రావాలి. ఫోన్ చెయ్యడం కాదు, స్వయంగా రావాలి. ఆ పిల్లకి ఇద్దరం క్షమాపణ చెప్పాలి, ముందు నేను.

ఇట్లు,
ఫైలులో కాదు, మంచం మీద ఉన్న
మీ నాన్న