మూడు దేశాల మొహమాటం

అరోరా,
సెప్టెంబర్ 8

ఫ్రీమాంట్‌లో కొలువై ఉన్న కృష్ణకుమారి అక్కయ్యకి తమ్ముడు మల్లి నమస్కారాలు.

ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం క్షేమం. ఫోన్ చేస్తే నీకు వినపడదు, వాట్సాప్ పెడితే చూడవు. అందుకే ఈ వయసులో స్టాంపులు అంటించుకుంటున్నాను.

రిటైరయ్యాక ఏం వెలగబెడుతున్నావని అడిగావు కదా. పిల్లాణ్ణి ఆడిస్తున్నాను. నవ్వకు. పక్కింటి పిల్లాడు, పేరు థియో. ఇంకో రెండు నెలల్లో మూడేళ్ళు నిండుతాయి. తండ్రి మార్టిన్ ఇంగ్లండులో యార్క్‌షైర్ వైపువాడు, రోజూ రైల్లో చికాగో వెళ్ళొస్తాడు. తల్లి మారిసెల్‌ది ఫిలిప్పీన్స్, ఇక్కడ స్కూల్లో లెక్కలు చెబుతుంది. పిల్లాణ్ణి చూసుకునే ఆవిడ మానేస్తే, కొత్త మనిషి దొరికేదాకా కాస్త చూస్తారా అని మొహమాటపడుతూ అడిగారు. నేనూ మొహమాటపడి సరే అన్నాను. కొత్త మనిషి ఇంకా దొరకలేదు. దొరక్కూడదనే నా కోరిక.

వాళ్ళది పెద్ద ప్రణాళిక. తండ్రి పిల్లాడితో ఇంగ్లీషే మాట్లాడాలి. తల్లి వాళ్ళ భాష టగాలోగే మాట్లాడాలి. రెండూ వచ్చేస్తాయి. మధ్యలో మూడో భాష కలిపి గందరగోళం చెయ్యకుండా నన్ను ఇంగ్లీషే మాట్లాడమని మొదటిరోజే బతిమాలారు. అంతా బాగానే ఉంది కానీ పిల్లాడు ఏ భాషా మాట్లాడడం లేదు. చెవులు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పినా ఇద్దరికీ లోపల బెంగ.

ఇక నా ఘనకార్యం. ఇంగ్లీషులో వంతెనలు కట్టించాను గానీ అక్కా, ఇంగ్లీషులో పిల్లాడికి అన్నం తినిపించడం నా వల్ల కాలేదు. "ఓపెన్ యువర్ మౌత్" అంటే పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నట్టు బిగుసుకుపోయాడు. "ఇదిగో, కాకి ఎత్తుకుపోతుంది, ఆఁ అను!" అన్నాను. గిన్నె ఖాళీ. ఆ రోజు నుంచి మా ఇంటి తలుపు తెరిచి ఉంటే ఇంగ్లీషు, మూస్తే తెలుగు.

పోయినవారం వాడికి నోరొచ్చింది. తెలుగులో. "దా!" అన్నాడు. "ఇంకా పెట్టు" అన్నాడు.

మర్నాడు సాయంత్రం మార్టిన్ ఒంటరిగా వచ్చాడు. "మా వాడు టగాలోగ్ మాట్లాడుతున్నాడు మిస్టర్ రావ్! నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. పెళ్ళయి ఆరేళ్ళయినా ఆమె భాష నేర్చుకోలేదని మారిసెల్ ముందు ఎలా ఒప్పుకోను?" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు చూశాక అది తెలుగని చెప్పలేకపోయాను.

ఆ మర్నాడు మారిసెల్ ఒంటరిగా వచ్చింది. "మావాడికి వాళ్ళ నాన్న పల్లెటూరి యాస వచ్చేసింది అంకుల్. అత్తగారు వీడియోలో మాట్లాడేది అదే. నాకు ఇంతవరకూ ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పెళ్ళిలో అన్నీ అర్థమైనట్టు తలూపాను. ఇప్పుడెలా అడగను?" అంది. ఆమెకీ చెప్పలేకపోయాను.

ఏం చెయ్యమంటావు?

నీ సలహా కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తూ,
మల్లి

తా.క.: ఇది చదివి జానకి, "ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో నాకు ఒక్క ముద్ద కలిపి పెట్టారా?" అని అడిగింది. దానికీ సలహా రాయి.

*

ఫ్రీమాంట్,
సెప్టెంబర్ 19

చిరంజీవి మల్లికి అక్క ఆశీస్సులు. ఆయుష్షు ఎలాగూ ఉంది, బుద్ధి కూడా కలగాలి.

చిన్నప్పుడు పెళ్ళిభోజనంలో "ఇంకా వడ్డించమంటారా?" అంటే వద్దనలేక తిని, రాత్రంతా కడుపు పట్టుకుని ఏడ్చినవాడివి. నువ్వు మారలేదు. ఒకరింటి పిల్లాడి నోట్లో మన భాష పెట్టి, అది వాళ్ళ భాషే అని వాళ్ళని నమ్మనిచ్చావు. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు, తెలుగులో మోసం అంటారు.

సరే, అయిందేదో అయింది. ఇంగ్లీషు వాళ్ళ నాన్న చూసుకుంటాడు. నువ్వు ఆ టగాలోగ్ ఏదో నేర్చుకుని వాడికి నేర్పు. పసివాళ్ళు ఎంత తొందరగా నేరుస్తారో అంత తొందరగా మరుస్తారు. ఎవరికీ తెలియకుండా తెలుగు దానంతటదే పోతుంది. మన ఇళ్ళల్లో పోవడం లేదూ?

మా మనవరాలు దేదీప్యని కోడలు ఆదివారం ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్తుంది. రెండేళ్ళయింది. "నా పేరు దేదీప్య" దాకా వచ్చి అక్కడ ఆగింది. నువ్వేమో నేర్పకూడదని ఒట్టుపెట్టుకుని మరీ నేర్పేశావు. నీ పద్ధతేదో మాకూ రాసి పంపు.

నిన్ను మందలించే హక్కు వదులుకోని,
అక్క

తా.క.: జానకికి ముద్ద కలిపి పెట్టు. సలహాలన్నిటిలోకీ ఇదే తేలిక.

*

అరోరా,
అక్టోబర్ 14

అక్కయ్యకి, నీ సలహా పాటించి నిండా మునిగిన తమ్ముడు రాస్తున్నది.

ఫోన్‌లో టగాలోగ్ యాప్ పెట్టించుకున్నాను. రోజూ పొద్దున్నే నేనూ థియో పక్కపక్కన కూర్చుని నేర్చుకుంటున్నాం. యాప్‌లో కుక్క బొమ్మ వచ్చి టగాలోగ్‌లో పేరు చెబుతుంది. వెంటనే వాడు నా గడ్డం తన వైపు తిప్పుకుని, "కుక్క!" అని చెబుతాడు. తాతకి పాపం అర్థం కాలేదని వాడి జాలి. ఈ చదువు వల్ల వాడి తెలుగు ఇంకా మెరుగుపడింది.

అసలు ఘోరం వేరే ఉంది. మార్టిన్ పెళ్ళాన్ని సంతోషపెట్టాలని, కొడుకు మాటలు చాటుగా విని బట్టీ పట్టాడు. ఒక సాయంత్రం రైలు దిగొచ్చి ఆమెతో, "దా, కూచో. ఏంటి సంగతి?" అన్నాడు. ఇన్నాళ్ళకి మొగుడు తనతో సొంత యాసలో మాట్లాడాడని ఆ పిల్ల మురిసిపోయింది. తనూ కొడుకు దగ్గర నేర్చుకుని, "ఏం లేదు. అన్నం తిందామా?" అంది. ఆమె తన సొంత భాషలో బదులిచ్చిందని ఇతను మురిసిపోయాడు. ఇదంతా ఇద్దరూ విడివిడిగా వచ్చి నాకు చెప్పుకున్నారు.

అక్కా, ఆ ఇంట్లో ఇప్పుడు ముగ్గురూ తెలుగు మాట్లాడుతున్నారు. అది తెలుగని ముగ్గురికీ తెలియదు.

నవంబర్ ఒకటిన థియో పుట్టినరోజు. దానికి ఇంగ్లండు నుంచి మార్టిన్ వాళ్ళమ్మ మార్గరెట్ వస్తోంది. ఆవిడకి సొంత యాస తెలియకుండా ఉంటుందా? ఆ రోజు గుట్టు రట్టవుతుంది. నమ్మి పిల్లాణ్ణి అప్పగిస్తే ఇలా చేశాడని ఇక వాణ్ణి నా దగ్గరికి పంపరు. నీ దగ్గర దాపరికం ఎందుకు, శని ఆదివారాలు వాడు రాకపోతేనే నాకు ఏమీ తోచదు. కిటికీ దగ్గర నిలబడి వాళ్ళ గుమ్మం చూస్తుంటాను. అసలే రాకుండా పోతే ఎలా ఉంటానో ఊహించుకోలేను.

దిక్కుతోచక,
మల్లి

తా.క.: జానకికి ముద్ద కలిపి పెట్టాను. ఉప్పు తక్కువైందంది.

*

ఫ్రీమాంట్,
అక్టోబర్ 23

మల్లీ,

ఈసారి ఆశీస్సులు తర్వాత, చివాట్లు ముందు. ఆ ముసలావిడ విమానం దిగకముందే వెళ్ళి నిజం చెప్పు. మొదట నేనిచ్చిన సలహా తప్పు. నాది తప్పని ఒప్పుకోవడం నా కోడలు కూడా ఇంతవరకూ చూడలేదు, కాబట్టి ఈ ఉత్తరం చింపెయ్.

పంపరేమోనని భయమా? పంపకపోతే పోయి అడుగు. నీకు వాడంటే ప్రాణమని చెప్పు. అది కూడా మొహమాటమేనా? మొహమాటానికి పోతే దక్కాల్సినవి కూడా దక్కవురా.

ఒట్టిచేతులతో వెళ్ళకు. సున్నుండలు పంపుతున్నాను. నోట్లో సున్నుండ ఉన్నవాడు గట్టిగా తిట్టలేడు.

నీ మేలు కోరే,
అక్క

తా.క.: నాకు చెవుడు లేదు, ఆ సంగతి మాత్రం ఉత్తరంలో రాయకు, రాస్తే కోడలితో చదివించుకోవాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది. నాకు అన్నీ వినపడతాయి. వినపడదని ఇంట్లో అందరూ అనుకుంటేనే వినదగ్గ మాటలు వినపడతాయి.

*

అరోరా,
నవంబర్ 22

మా అక్కయ్యకి, ఈసారి నిజంగానే కులాసాగా ఉన్న మల్లి రాస్తున్నది.

నువ్వు చెప్పినట్టే చెబుదామని ముందే రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి టీ ఇచ్చారు. రెండోసారి కేకు ఇచ్చారు. తిని వచ్చేశాను.

పుట్టినరోజు నాడు నీ సున్నుండల డబ్బాతో వాళ్ళ వంటింట్లో నిలబడ్డాను. మార్గరెట్ కూర్చుని అందరి మాటలూ శ్రద్ధగా వింటోంది. థియో "బామ్మా, దా!" అంటున్నాడు. మార్టిన్ పెళ్ళాంతో "నీళ్ళు ఇవ్వు" అంటున్నాడు. ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని, ఆమెకి అర్థమయ్యేలా నిదానంగా, "మా అబ్బాయికి మీ భాష ఎంత చక్కగా నేర్పావమ్మా!" అంది. అని, మనవడి వెంట పెరట్లోకి వెళ్ళిపోయింది.

"ఇది మా భాష కాదు, మీది" అంది మారిసెల్. "మాది కాదు, మీది" అన్నాడు మార్టిన్. ఇద్దరూ నా వైపు తిరిగారు.

చెప్పేశాను. అంతా చెప్పేశాను. కాకి సంగతి కూడా.

నన్నేమీ అనలేదు. ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. మారిసెల్ మొహం ఎర్రబడింది. "తప్పు నీది!" అంది.

"కాదు, నీది!" అన్నాడు మార్టిన్.

"ఎందుకు అడగలేదు?"

"నువ్వెందుకు అడగలేదు?"

"పో!"

"నువ్వు పో!"

అంతా తెలుగులోనే! ఆరేళ్ళలో ఆ ఇంట్లో గొంతు లేవడం అదే మొదటిసారట. తర్వాత ఇద్దరికీ నవ్వొచ్చింది. నాకు మాత్రం రాలేదు. గుమ్మం దాకా సాగనంపుతూ మార్టిన్ తన మర్యాద ఇంగ్లీషులో, "మీరు మా కోసం చాలా శ్రమపడ్డారు మిస్టర్ రావ్. సోమవారం మీకు ఆ శ్రమ ఉండదు" అన్నాడు. ఇంగ్లీషువాళ్ళు ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కూడా థాంక్స్ చెప్పే తీస్తారు కదా. అర్థమైపోయింది.

సోమవారం పిల్లాడు రాలేదు. కిటికీ దగ్గర నిలబడితే ఏడుపొచ్చింది. వాణ్ణి ఎవరో కొత్త మనిషి దగ్గర దింపడం చూడలేక, మంగళవారం పొద్దున్నే జానకిని కూడా తీసుకుని, ఇంటికి తాళం వేసి గుడికి బయల్దేరాను. సగం దారిలో ఫోన్ మోగింది. మారిసెల్. వెనకాల థియో గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"ఎక్కడ నువ్వు? ఎందుకు లేవు? దా!" అని అరిచింది.

అక్కా, ఈ దేశం వచ్చాక నన్ను ఎవరూ అంత మర్యాద లేకుండా పిలవలేదు. ప్రాణం లేచొచ్చింది. కారు వెనక్కి తిప్పాను.

మా గుమ్మం మీద ఆమె కోపంగా నిలబడి ఉంది. స్కూలుకి లేటైపోయింది. సోమవారం మార్టిన్ సెలవు పెట్టి తల్లినీ పిల్లాణ్ణీ జూకి తీసుకెళ్ళాడట. శ్రమ ఉండదన్నది ఆ ఒక్క రోజుకే. "మీకు నేను అక్కర్లేదనుకున్నానమ్మా" అన్నాను ఇంగ్లీషులో.

"మార్టిన్ మర్యాద ఇంగ్లీషు ఆఫీసుకే అంకుల్, దాన్ని నమ్మకండి" అంది. పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టి, తెలుగులోకి మారింది. "మాకు వద్దు అంటే, వద్దు అంటాం."

వాడు నా మెడ పట్టుకుని వదల్లేదు. నేనూ వదల్లేదు.

ఇప్పుడు థియో నాన్నతో ఇంగ్లీషూ, అమ్మతో టగాలోగూ కొద్దికొద్దిగా మొదలుపెట్టాడు. ఇంట్లో పోట్లాట వస్తే మాత్రం ముగ్గురూ తెలుగే. వాళ్ళకి మొహమాటం లేని భాష అదొక్కటే మరి.

నీ సున్నుండ నోట్లో పెట్టుకుని,
మల్లి

తా.క.: మార్గరెట్‌కి మాత్రం నిజం చెప్పలేదు. అంత సంతోషంగా ఉన్న మనిషికి ఎవరు చెబుతారు? ఆవిడ వెళ్ళేటప్పుడు నాలుగు ముక్కలు నేర్చుకుని మరీ వెళ్ళింది. ఇంగ్లండులో వాళ్ళ ఊరి ఆసుపత్రిలో ఫిలిప్పీన్స్ నర్సు ఉందట. ఆమె చెయ్యి పట్టుకుని, "దా తల్లీ, కూచో, అన్నం తిన్నావా?" అని అడిగిందట. ఆ నర్సు ఒక్క క్షణం తెల్లబోయి చూసి, "మా భాష ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!" అందట.