తొమ్మిది వేల అడుగుల గుడి

బాలానగర్,
ఏప్రిల్ 7.

మాదాపూర్‌లోని చేతిగడియారాల కంపెనీ మేనేజరు గారికి, బాలానగర్ ఎల్లేశం నమస్కరించి రాయునది.

నేను ముప్పై నాలుగేళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషిని. మీ కస్టమర్ కేర్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. తెలుగు కావాలంటే రెండు నొక్కమని ఒకామె అంది. నొక్కాను. ఆ తర్వాత ఆమె హిందీలో మాట్లాడింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇందులో ఎవరూ ఏమీ నొక్కనవసరం లేదు.

మా అమ్మాయి రోహిణి వాళ్లమ్మ పుట్టినరోజుకు మీ గడియారం కొనిచ్చింది. గడియారం మా ఆవిడ చంద్రమ్మ చేతికి ఉంటుంది. ఆమె వేసిన అడుగుల లెక్క నా ఫోన్‌లో పడుతుంది. ఈ ఏర్పాటు అమ్మాయిదే.

చంద్రమ్మ రోజూ పొద్దున అయిదున్నరకు మా గల్లీ చివర హనుమాన్ గుడికి పోయి, దండం పెట్టుకుని వస్తుంది. నేను ఏడింటికి లేచేసరికి చాయ్ పెడుతూ ఉంటుంది. అప్పటికే ఫోన్‌లో తొమ్మిది వేల నూట డెబ్బై చిల్లర అడుగులు కనబడుతున్నాయి. నేను స్వయంగా మా గడప నుంచి గుడి గేటు దాకా నడిచి లెక్కపెట్టాను. రెండు వందల పన్నెండు. రానూపోనూ నాలుగు వందల ఇరవై నాలుగు. మా పనిలో వెంట్రుకంత తేడా వస్తే ఆ ముక్కను పక్కన పారేసేవాళ్లం. మీకు ఎనిమిది వేల ఏడు వందల పైన తేడా వస్తోంది.

మా ఆవిడ అబద్ధం ఆడదు. కాబట్టి మీ గడియారమే ఆడుతోంది. సరిచేయగలరు.

ఇట్లు,
ఎల్లేశం.

తా.క.: అదే గడియారం నేను కట్టుకుని వెయ్యి అడుగులు వేస్తే సరిగ్గా వెయ్యి చూపించింది. మగవాళ్ల దగ్గర ఒకలా, ఆడవాళ్ల దగ్గర ఒకలా ఉండటం మంచి పద్ధతి కాదు.

---

మాదాపూర్,
ఏప్రిల్ 11.

గౌరవనీయులైన కస్టమర్ ఎల్లేశం గారికి,

మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు. మా గడియారం చేతి ఊపును బట్టి అడుగులను లెక్కిస్తుంది. నడిచేటప్పుడు చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడుతుంది కనుక ఒక్కో ఊపును ఒక్కో అడుగుగా తీసుకుంటుంది. మీ శ్రీమతి గారు వేరే పనుల్లో చెయ్యి ఆడిస్తున్నారేమో పరిశీలించగలరు. సమస్య అలాగే ఉంటే గడియారాన్ని ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయగలరు.

మీ సేవలో,
కావ్య,
కస్టమర్ సపోర్ట్.

తా.క.: పైన ఉన్నది మా ఆఫీసువాళ్లు అందరికీ పంపే జవాబండీ. ఇది మాత్రం నాది. మీ ఉత్తరం వచ్చినప్పుడు మా టీమ్‌లో ఎవరూ ముట్టుకోలేదు, కోర్టు నోటీసు అనుకున్నారు. నేను తెలుగు మీడియం అని తెలిసి నా బల్ల మీద పెట్టి పోయారు. కవరు కోసం మధ్యాహ్నం భోజనం మానుకుని పోస్టాఫీసు వెతుక్కున్నాను. స్టాంపు ఏ మూల అంటించాలో ఫోన్‌లో చూసి తెలుసుకున్నాను. సరిగ్గానే అంటించానా?

---

బాలానగర్,
ఏప్రిల్ 16.

అమ్మాయి కావ్యకు,

స్టాంపు సరిగ్గానే అంటించావు. కవరు అంటించడం మర్చిపోయావు. పోస్ట్‌మన్ చదివేసి, "ఏం కాక, చిన్నమ్మ అన్ని అడుగులు యాడికి పోతుంది?" అని నన్నే అడిగాడు.

నువ్వు చెప్పినట్టు పరీక్ష పెట్టాను. చంద్రమ్మ జొన్న రొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. పన్నెండు రొట్టెలకు ఆరు వందల నలభై అడుగులు పడ్డాయి. అంటే మా ఆవిడ పీట మీద కూర్చునే గుడికి పోయి వచ్చి, మళ్లీ సగం దూరం పోయిందన్నమాట. కానీ రొట్టెలు సాయంత్రం చేస్తుంది. నా తగాదా పొద్దుటి అడుగులతో.

నిద్రలో నడుస్తోందేమోనని తలుపు దగ్గర స్టీలు చెంబు అడ్డం పెట్టాను. అర్ధరాత్రి మంచినీళ్ల కోసం లేచి నేనే తన్నుకున్నాను.

ఆమెనే అడగొచ్చు కదా అంటావేమో. నేను దేవుణ్ణి నమ్మను. ఆమె నమ్ముతుంది. పెళ్లయిన కొత్తలో దీని మీద చాలా కొట్లాడుకుని చివరికి ఒప్పందానికి వచ్చాం. గుడి ఆమెది, క్రికెట్ నాది. ఒకరి దాంట్లో ఇంకొకరు వేలు పెట్టం. ముప్పై ఆరేళ్లుగా ఆమె నన్ను స్కోరు అడగలేదు, నేను ఆమెను ప్రసాదం తప్ప ఏమీ అడగలేదు.

టీవీ మాత్రం ఇద్దరిదీ. అక్కడే ఇబ్బంది. ఆమె చూసే సీరియల్‌లో ఒక అత్తగారు సోమవారం మెట్లు దిగడం మొదలుపెడితే శుక్రవారానికి కింద కాలు పెడుతుంది. ఆమె చేతికి కట్టి చూపించండి మీ గడియారాన్ని, ఎన్ని చూపిస్తుందో.

ఇట్లు,
ఎల్లేశం.

తా.క.: ఆపి ఆన్ చేశాను. ఇప్పుడది నన్ను "హాయ్ చంద్రమ్మ" అంటోంది.

---

మాదాపూర్,
ఏప్రిల్ 21.

ఎల్లేశం అంకుల్‌కు నమస్కారం.

ఈసారి కవరు మూడుసార్లు అంటించాను. చింపేటప్పుడు ఉత్తరం చిరిగితే క్షమించండి.

మా మేనేజర్ సురేంద్ర గారితో మాట్లాడి మీకు కొత్త గడియారం పంపిస్తున్నాను. రొట్టెల సంగతి మా ఇంజనీర్లకు చదివి వినిపించాను. వాళ్లలో ఒకాయన జొన్న రొట్టె ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. మిగతావాళ్లు రాసుకున్నారు.

మీ ఒప్పందం నాకు బాగా నచ్చింది. నాకైతే క్రికెట్ అస్సలు అర్థం కాదు. అందరూ నిలబడే ఉంటారు, అలసిపోయామంటారు. దేవుడి విషయంలో నేను ఎటూ చెప్పలేను. మా ప్రొద్దుటూరులో ఉన్నప్పుడు పరీక్షలకు ముందు ఉండేవాడు, రిజల్ట్ వచ్చాక ఉండేవాడు కాదు.

అంకుల్, ఒక మాట. కొత్త గడియారంలోనూ అదే లెక్క వస్తే, మీ ఫోన్‌లో ఆకుపచ్చ గుర్తు నొక్కండి. ఆంటీ ఏ దారిన నడిచారో మ్యాపులో గీత కనబడుతుంది. ఆంటీ గుడికే వెళ్తున్నారా, అక్కడి నుంచి ఇంకెక్కడికైనా వెళ్తున్నారా అన్నది తెలిసిపోతుంది.

ఉంటాను,
కావ్య.

తా.క.: ఆంటీ జిమ్‌లో చేరారేమో కూడా చూడండి. మా మియాపూర్ హాస్టల్ ఓనరమ్మ పుణ్యవతి గారు ఇంట్లో భజన అని చెప్పి జుంబాకు వెళ్తారు.

---

బాలానగర్,
ఏప్రిల్ 25.

కస్టమర్ సపోర్ట్ వారికి,

కొత్త గడియారం అందింది. తొమ్మిది వేల నూట డెబ్బై ఒకటి. పాతదీ కొత్తదీ మాట్లాడుకుని వచ్చినట్టున్నాయి.

ఆకుపచ్చ గుర్తు నేను నొక్కలేదు. నొక్కను.

నేను గడియారం మీద ఫిర్యాదు చేశాను. నువ్వు నా భార్య మీద నిఘా పెట్టమన్నావు. నా దగ్గర పనిచేసిన ఒక కుర్రవాడు ప్రతి ముక్కకూ కొలబద్ద తీసేవాడు. కొలవాల్సిన దాన్ని కొలవాలి, కొలవకూడని దాన్ని కొలవకూడదు అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఆమె పెళ్లినాడు నా చేతిలో పెట్టిన చెయ్యి అది. ఎక్కడెక్కడ తిరిగిందో ఫోన్ తెరిచి చూసుకోమంటావా?

ఆ గడియారంలో దోషం ఉంది. ఎక్కడుందో కనిపెట్టడం మీ పని. ఇకపై ఉత్తరాలు మేనేజరు గారే రాయగలరు.

ఇట్లు,
ఎల్లేశం.

తా.క.: జుంబా అంటే ఏమిటో మా అమ్మాయిని అడిగి తెలుసుకున్నాను. చంద్రమ్మ చేయదు. చేసినా నాకు అభ్యంతరం లేదు. నాకు చెప్పి చేస్తుంది.

తా.క. రెండు: చెబుతుందనే అనుకుంటున్నాను.

---

మాదాపూర్,
ఏప్రిల్ 29.

పెద్దనాయనకు,

మా వైపు మీ వయసువాళ్లను ఇట్లనే పిలుస్తాం. కోపం ఉన్నా ఈ ఒక్క ఉత్తరం చదవండి. మేనేజర్ గారికి తెలుగు రాయడం రాదు, అందుకే మళ్లీ నేనే.

తప్పు నాదే. మీ గడియారంలో దోషం లేదు, ఆంటీలో అంతకన్నా లేదు. అనుమానం నాలో ఉంది. భరత్ అని ఒకబ్బాయి ఉన్నాడు, శ్రావణంలో మా పెళ్లి. వాడు ఎక్కడున్నాడో నా ఫోన్‌లో కనబడుతుంది. గంటకోసారి చూస్తాను. గచ్చిబౌలిలో ఉండాల్సినవాడు కొండాపూర్‌లో కనబడితే ఆరోజు నాకు పని జరగదు. అడగను. చూస్తూ కూర్చుంటాను. అందరూ నాలాగే ఉంటారనుకుని మీకూ అదే సలహా ఇచ్చాను.

మీ ఉత్తరం చదివి దాన్ని తీసేశాను. వాడికి చెప్పాను. "ఇన్నాళ్లూ చూస్తున్నావా?" అన్నాడు. తర్వాత, కొండాపూర్‌లో బిర్యానీ తింటున్నానని ఒప్పుకున్నాడు. నాతో డైటింగ్ చేస్తున్నట్టు చెప్పాడు లెండి, అందుకు.

మీరు మ్యాప్ చూడొద్దు. అదే సమయంలో నాలాగా లోపల పెట్టుకుని కూర్చోవద్దు కూడా. "చెబుతుందనే అనుకుంటున్నాను" అని రాశారు చూడండి, ఆ మాట చదివి నాకు బాధేసింది. ఆంటీనే అడగండి. అడగడం అనుమానం కాదు పెద్దనాయనా.

మీ కూతురు లాంటిది,
కావ్య.

తా.క.: స్టాంపులు ఒక షీటంతా కొని పెట్టుకున్నాను. రాస్తారు కదా?

---

బాలానగర్,
మే 6.

బిడ్డ కావ్యకు,

నీ ఉత్తరం ముందు చంద్రమ్మ చేతిలో పడింది. నేను కూరగాయలు తెచ్చేసరికి పాతవన్నీ ముందేసుకుని కూర్చుంది.

"ఏందయ్యా ఇది? ఇంట్ల ఉన్న మనిషిని అడుగనీకి నోరు రాలే గని, మాదాపూర్ దాక ఉత్తరాలు రాసినవా?"

"నిన్ను అనుమానిస్తున్న అనుకుంటవని..." అన్నాను.

"గుడి సుట్టు తిరుగుతున్న. దినాం నూట ఎనిమిది సుట్లు. గేటు దాక కొలిచినవ్ గని, లోపలికి తొంగి సూసినవా?"

సంచీ కింద పెట్టి నిలబడిపోయాను. గుండ్రంగా తిరిగేదాని ముందు ముప్పై నాలుగేళ్లు నిలబడి అన్నం తిన్నవాణ్ణి. గుడికి వెళ్లే మనిషి గుడి చుట్టూ తిరుగుతుందన్న ఆలోచనే నాకు రాలేదు.

"గన్ని సుట్లెందుకు? మోకాళ్లు నొస్తలేవా?"

"నీ జట్టు గెలవాలని మొక్కుకున్న. మ్యాచులు మొదలైన కాడికెల్లి తిరుగుతున్న."

"నీకు క్రికెట్ అంటేనే పడదు గద!"

"పడదు. ఆళ్లు ఓడిన దినం నువ్వు అన్నం తినవు. తినకుంటే బీపీ గోలీ ఎయ్యవు. నాకు ఆట ఫికర్ లేదు, నీ గోలీ ఫికర్."

"ఐతే నేను అన్నం తినాలనే మొక్కొచ్చు గద. నడుమ జట్టెందుకు?"

"నీ సంగతి దేవునికి గూడ ఎరుకే. ఆయనొచ్చి జెప్పినా ఇంటవా? నీకన్న ఆ పదకొండు మందిని గెలిపించుడే అల్కగ."

మొహం కడుక్కుంటానని లోపలికి వెళ్లి చాలాసేపు కడుక్కున్నాను.

మర్నాడు పొద్దున నేనూ వెళ్లాను. గుడి లోపల అరుగు మీద కూర్చుని చూశాను. ఒక చుట్టుకు ఎనభై ఒక్క అడుగులు. నూట ఎనిమిది చుట్లకు ఎనిమిది వేల ఏడు వందల నలభై ఎనిమిది. రానూపోనూ కలిపితే తొమ్మిది వేల నూట డెబ్బై రెండు. మీ గడియారానికి నేను క్షమాపణ చెప్పుకోవాలి. అరవై చుట్లయ్యాక ఆమె మోకాలు పట్టేసింది. కూర్చోమంటే వినలేదు. మిగిలిన నలభై ఎనిమిదీ నేను పక్కన నడిచాను. దండం మాత్రం పెట్టలేదు, ఒప్పందం ఒప్పందమే.

ఆ సాయంత్రం మన జట్టు ఘోరంగా ఓడింది. టీవీ కట్టేసి చూస్తే చంద్రమ్మ కంచం పట్టుకుని నిలబడి ఉంది. తిన్నాను. మారు వడ్డించుకుని తిన్నాను. గోలీ వేసుకున్నాను.

ఇక అసలు విషయం. క్షమాపణ చెప్పుకోవాలన్నాను గానీ, మేం కలిసి వెళ్లిన ఆరోజే మీ గడియారం మళ్లీ చెడింది. ఇంటికి వచ్చి చూస్తే అయిదు వేల డెబ్బై మాత్రమే ఉన్నాయి. నా కళ్లెదుట ఆమె వేసిన అడుగుల్లో నాలుగు వేల నూట రెండు మాయమయ్యాయి. ఈసారి నేను అక్కడే ఉన్నాను కాబట్టి వాదించే పనిలేదు. ఇంకొక గడియారం పంపగలవు.

భరత్‌ను ఒకసారి తీసుకురా. జొన్న రొట్టెలు పెడతాం. బిర్యానీ తిన్నందుకు ఏమీ అనకు.

దీవెనలతో,
మీ పెద్దనాయన ఎల్లేశం.

తా.క.: బిడ్డా కావ్యా, నేను చంద్రమ్మను. ఉత్తరం డబ్బల ఎయ్యమని నాకే ఇచ్చిండు, అంటించక ముందు సదివిన. గడియారం మంచిగనే ఉన్నది, ఇంకోటి పంపకు. ఆ దినం మోకాలు పట్టేసినప్పుడు ఈయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నడు. గడియారం ఉన్న చెయ్యి. ఇల్లు చేరేదాక ఇడిచిపెట్టలే. ఇగ ఊపనీకి చెయ్యి ఏడున్నది?